పీకి చూస్తే గాని నమ్మని మా చిన్నమామ

మా చిన్నమామ పోయాడని పొద్దున పాలు పోయడానికి వెళ్ళినప్పుడు చెప్పారు. నేను నమ్మలేదు. మదనపల్లె ఆసుపత్రి నుంచి ముందురోజే ఇంటికి తెచ్చారని, రాగి జావ తాగాడని విన్నాను. క్యాను అక్కడే పెట్టి వాళ్ళింటికి నడిచాను. వాకిట్లో అన్ని చెప్పులు చూశాక కూడా నమ్మబుద్ధి కాలేదు. లోపలికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాక నమ్మాను. బతికుంటే ఆయన నన్ను మెచ్చుకునేవాడు. ఎవరేం చెప్పినా తన చేత్తో పట్టి చూసుకోనిదే నమ్మే మనిషి కాదు.

ఆయన మా మామగారికి సొంత తమ్ముడు. పుంగనూరు నుంచి సోమల వెళ్ళే దారిలో, ఏటవాలు నేలలో మా రెండు కుటుంబాల చేలు ఉన్నాయి. పైది మాది, కిందది ఆయనది, మధ్యలో గెనిమ గట్టు ఒకటే. ఆ గట్టు మీది హద్దురాయిని ఆయన మావైపు జరిపాడని మా ఇంట్లో అనుమానం. నేను కోడలిగా వచ్చేనాటికే ఒకరింట్లో ఒకరు అన్నం తినడం మానేశారు. మా అత్త నాకు మొదట్లోనే చెప్పింది. "ఆయప్ప పలకరిస్తే పలుకు. ఏమన్నా ఇస్తే మాత్రం యాల ఇస్తాండాడో సూసుకో." ఎందుకిస్తున్నాడో చూసుకోమన్న ఆ మాట నేను చాలా ఏళ్ళు మూటగట్టుకుని తిరిగాను.

అనుమానంలో ఆయన మాకేం తీసిపోయేవాడు కాదు. పుంగనూరులో విత్తనాల మూట విప్పించి, అడుగు నుంచి నాలుగు గింజలు తీసి కొరికి చూస్తే గాని కొనేవాడు కాదు. నలభై ఏళ్ళుగా ఎక్కే బస్సే అయినా, సోమల పోతుందా అని కండక్టరును ఒకసారి, పక్కన కూర్చున్నవాణ్ణి ఒకసారి అడిగేవాడు. వాన కురిసి వెలిశాక అందరూ సంబరపడుతుంటే ఆయన చేలోకి వెళ్ళి వేలు గుచ్చేవాడు. "పైన తడిసిందిలే. లోపలికి దిగిందో లేదో ఎవురు సూసినారు?" అనేవాడు.

నాకు ఆయన దగ్గరైంది గడ్డి వల్ల.

నాలుగు ఆవులున్న రోజుల్లో మా చేనంతా నేపియర్ గడ్డి నాటాం. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కోసుకునే గడ్డి అది. ఎనిమిదేళ్ళకు దుబ్బులు బండరాళ్ళలా పెరిగాయి. నడుమంతా డొల్లబడి, చుట్టూ నాలుగు కాడలు మాత్రం లేచేవి. ఈలోగా నా మోకాళ్ళు మొరాయించాయి. ఆవులను ఒక్కదానికి తగ్గించాను. ఇక గడ్డి తీసేసి చెనిక్కాయలు వేద్దామనుకున్నాం. మా ఆయన పుంగనూరులో ట్రాక్టర్ల షెడ్డులో పనిచేస్తాడు. గడ్డిని చంపే మందు కొట్టించి, వెంటనే ట్రాక్టరుకు రోటావేటర్ తగిలించి నేలంతా తిప్పిస్తే పని అయిపోతుందన్నాడు. మందు డబ్బా కూడా తెచ్చాడు.

ఆ డబ్బాను గట్టు అవతలి నుంచి చిన్నమామ చూశాడు.

"ఏమ్మా, అదేంది?"

"గడ్డి మందు మామా. రేపు కొట్టిస్తాండాం. మూడో దినం రోటావేటర్ వస్తాది."

"వానలు ముందర పెట్టుకోనా?"

"ఊఁ."

ఆయన గట్టు దిగి వచ్చాడు. ఒక దుబ్బు ముందు కూర్చుని దాని మొదలును గుంజి చూశాడు.

"ఈ గడ్డి పైన ఎండితే సచ్చిందనుకునేవు. ఇది అంత సులభంగా సచ్చేది కాదు. రోటావేటర్ తిప్పితే ఒక్కో దుబ్బు నూరు ముక్కలవుతాది. కణుపుండే ప్రతి ముక్కా మొలుస్తాది. ఇంకోటి, ఎనిమిదేండ్లుగా నీ మన్నును పట్టుకోని ఉండేది ఈ వేర్లే. అంతా ఒకేసారి తిరగేస్తే మొదటి గట్టి వానకే కొట్టుకోని పోతాది."

"మరి ఏం చేయమంటావు?"

"కిందికంటా కోసెయ్యి. నీళ్ళు ఆపెయ్యి. మోకాలెత్తు చిగురు రాగానే నా గొర్రెల్ని తోల్తా. మళ్ళీ చిగురిస్తే మళ్ళీ మేపుదాం. వేర్లలో ఉండే బలమంతా చిగుర్లకే ఖర్చయిపోవాల. ఆ పైన వాలుకు అడ్డంగా ఒక పట్టె తవ్వు, ఒక పట్టె వదులు. తవ్విన దాంట్లో ఉలవలు, జనుము చల్లు. అవి నేలను కమ్మినాకనే రెండో పట్టె ముట్టుకో."

నాకు మా అత్త మాట గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఆయన గొర్రెలకు మేత. మా చేలో మందు కొట్టకపోతే కింద ఆయన బావికి మందు నీళ్ళు దిగవు. రెండు లాభాలూ ఆయనవే. ఆ మాటే మొహం మీద అనేశాను.

ఆయనకు కోపం రాలేదు. "అవును. గొర్రెలు మేస్తాయి. బావికి మందు రాదు. రెండూ నిజమే. కానీ నీ మన్ను కొట్టుకోని వస్తే యాడికొస్తాదమ్మా? నా చేలోకే గదా. నాకు ఊరికే వచ్చే మన్నును నేను యాల వద్దంటాండానో, ఆ అనుమానం రాలేదా నీకు?"

రాలేదు. మా ఆయన విసుక్కున్నా, డబ్బాను కొట్టంలో పెట్టి తాళం వేశాను. ఆయన్ను నమ్మి కాదు. ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ ఎండాకాలం మూడుసార్లు గొర్రెలు మేశాయి. మేసినంతసేపూ నేను గట్టు మీద కాపలా ఉండేదాన్ని, గట్టు వెంట వేసిన మా కంది మొక్కల జోలికి పోతాయేమోనని. ఆయనేమో నన్ను అనుమానించేవాడు. "ఇంత పచ్చగా యాల వచ్చె? మోటారు వేస్తాండావా?" అని వేలితో నేల గెలికి చూసేవాడు. మూడోసారి చిగురు గడ్డిలా కాదు, వెంట్రుకల్లా సన్నగా, పాలిపోయి వచ్చింది. అప్పుడు పట్టె విడిచి పట్టె తవ్వడం మొదలుపెట్టించాం. వేర్లకు పట్టిన మన్నును అక్కడే దులిపి, ఆకును నేల మీదే పరిచాం. తొలకరికి ఉలవలు, జనుము చల్లాం.

నేను తప్పు చేసింది ఆ తర్వాతే.

ఒకరోజు తెల్లవారి చేలోకి వెళ్తే చిన్నమామ మా తవ్విన పట్టెలో గడ్డపారతో కనిపించాడు. పక్కన తుండుగుడ్డలో ఏదో మూట. మాకు చెప్పలేదు, అడగలేదు. గడ్డి పిలకలను తీసుకెళ్ళి ఎవరికో ఇస్తున్నాడనో, గట్టు రాయి కింద తవ్వుతున్నాడనో అనిపించింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా అరిచాను.

"ఈడ ఏం పని నీకు? రాయి జరిపింది చాల్లేదా?"

ఆయన మూట విప్పి నా ముందు కుమ్మరించాడు. మేం తవ్వేసి, ఎండిపోయాయని చేలోనే వదిలిన దుబ్బుల మొదళ్ళు అవి. ఒకదాన్ని గడ్డపారతో చీల్చి చూపించాడు. పైనంతా కట్టెలా ఉంది. లోపల బియ్యపు గింజంత తెల్లటి మొలక.

"సచ్చిందని నువ్వనుకున్న్యావు. నేను అనుకోలేదు. బండ మీద వేసి ఎండబెడదామని ఏరుతాండా. నీ చేను నువ్వే సూసుకో తల్లీ."

మొదళ్ళన్నీ మళ్ళీ మూటగట్టి, తీసుకెళ్ళి బండ మీద పరిచి, అటు నుంచి అటే వెళ్ళిపోయాడు. నెలరోజులు గట్టు వైపు రాలేదు. నేను క్షమించమని అడగలేదు. నాలో సగం ఇంకా అనుమానిస్తూనే ఉంది.

ఆ నెలాఖరున ఒక వాన పడింది. మా చేల పక్కన పారే వంకకు ఆ పక్క చేనాయన కూడా మాలాగే పాత గడ్డి తీస్తున్నాడు. మందు కొట్టించి, రెండో రోజే రోటావేటర్ తిప్పించాడు. తెల్లవారి చూస్తే ఆయన చేలో నీళ్ళు కోసి మనిషి దిగేంత గాళ్ళు పడ్డాయి. పైమన్నంతా వంకలో ఎర్రగా పోతోంది. ఆ తర్వాత పది రోజులకే మిగిలినచోట గడ్డి ముక్కముక్కకీ మొలిచింది. వాన వెలిసిన ఆ పొద్దున మా చేలో తవ్విన పట్టెల్లో ఉలవ తీగలు నేలకు అంటుకుని ఉన్నాయి. తవ్వని పట్టెల దగ్గర నీళ్ళు ఆగి, మెల్లగా కిందికి దిగుతున్నాయి. గట్టు దాటే నీళ్ళు దోసిట్లో పట్టి చూశాను. నా అరచేతి గీతలు కనిపించాయి.

తడి బట్టలతోనే చిన్నమామ వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నత్త తలుపు తీసి పక్కకు జరిగింది. ఆయన మంచం మీద నుంచి లేవకుండానే అడిగాడు.

"ఏం కావాల?"

"రెండో పట్టె ఎప్పుడు తవ్వాలో చెప్పు మామా."

"నేను చెప్తే నమ్ముతావా?"

"నమ్మను. వచ్చి చూపించు."

ఆయన నవ్వాడు. అన్నేళ్ళలో ఆయన నవ్వు నేను చూడడం అదే మొదటిసారి. చిన్నత్త అన్నం పెట్టింది, తిన్నాను.

రెండో ఏడు చెనిక్కాయలు వేశాం. చెట్టు పీకితే చేతికి సులువుగా వచ్చింది. మన్ను వేర్లకు అటుకుల్లా పొడిపొడిగా అంటింది. ఊళ్ళో వాళ్ళు బాగుందన్నారు. చిన్నమామ మాత్రం సాళ్ళ మధ్య వంగి నడుస్తూ ఎక్కడైనా నేపియర్ మొలక ఉందేమోనని వెతికాడు. మూడు దొరికాయి. గెలిచినవాడిలా పైకెత్తి చూపించాడు.

ఒకసారి గట్టు మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు అడిగేశాను. "మామా, ఆ రాయి జరిపినావా?"

"జరపలేదంటే నమ్ముతావా?"

"నమ్మను."

"మరి యాల అడిగేది?"

ఆ సంగతి ఇప్పటికీ నాకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు. ఆయనను మంచివాడని చెప్పడానికి నాకు ఆ జవాబు అవసరం లేదని మాత్రం తెలిసింది. తన లాభాన్ని దాచకుండా చెప్పి, నా నష్టాన్ని తను అడ్డుకున్న మనిషి. నా నోటి దురుసుకు ఆయన పగ తీర్చుకోలేదు. నేను క్షమాపణ చెప్పలేదు. చెప్పి ఉంటే అందులో కూడా ఏదో ఉందని అనుమానించేవాడేమో.

ఆయనను ఆయన చేలోనే, మా గట్టుకు కాస్త కింద పూడ్చారు. ముందురోజు చిన్న వాన పడి గుంత సులువుగా తవ్వగలిగారు. మా వైపు సొంత చేలో పూడ్చేటప్పుడు ఆడవాళ్ళం కూడా వెళ్ళి మన్ను వేస్తాం. నా వంతు వచ్చినప్పుడు వంగి గుప్పెడు తీసుకున్నాను. గుప్పిట్లో ఏదో కదిలింది. తెరిచి చూస్తే వానపాము. నా వెనక నిలబడినవాళ్ళు ఆగారు. దాన్ని పక్కన మెత్తటి తడిమట్టిలో వదిలాను. అది తల దూర్చి, మెల్లగా, పూర్తిగా లోపలికి వెళ్ళేదాకా చూసి, ఇంకో గుప్పెడు తీసుకున్నాను.