గోడ మీద కొలిచిన వాన

మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. దేవరకొండ వైపు ఊరు మాది, వాన కోసం మొగులు దిక్కు చూసి చూసి మెడలు పట్టేసే జాగా. అలాంటి ఊళ్లో ఆయనకు అదనంగా అప్పగించిన పని వానను కొలవడం! కచేరీ ఆవరణలో భూమిలో సగం పాతిన ఇత్తడి డబ్బా, దాని మీద గరాటా, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ సీసాలో నీళ్లను గీతలున్న గాజు గ్లాసులోకి వంచి, ఎంతొచ్చిందో పుస్తకంలో రాసేవాడు. నెలాఖరున ఆ వివరం పట్నం పోయేది. అక్కణ్నుంచి పుణెకు, పుణె నుంచి ఇంకే దేశాలకో.

"మన ఊరి వానను లండన్ల గూడ సదువుతరే," అనేవాడు గొప్పగా.

"ఈడ వాన పడుడే లేదు. ఆళ్లేం సదువుతరు, మన కరువా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆయన నవ్వేవాడు కాదు. "పడకపోతే పడలేదని రాస్త. అది గూడ గావాలె ఆళ్లకు. ఓడలు నడిపేటోళ్లు, పంటలు జూసేటోళ్లు, రోగాలు జూసేటోళ్లు, అందరు గీ కాయితమే అడుగుతరు."

రజాకార్ల గడబిడ ముదిరిన ఏడు, ఆరుద్ర కార్తెలో, పోలీసులు మా ఇంటికి వచ్చారు. కచేరీ సంగతులు నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు చేరవేస్తున్నాడని మా ఆయనను పట్టుకున్నారు. అది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చేతులకు తాడు కడుతుంటే ఆయన నాతో అన్న మాట పిల్లల గురించి కాదు, నా గురించీ కాదు.

"గ్లాసు గూట్ల ఉన్నది. ఒక్కనాడు గూడ తప్పనియ్యకు."

నా ఒళ్లు భగ్గున మండింది. మొగుడు జైలుకు పోతూ పెళ్లాంతో అనే మాటేనా ఇది! అయినా మరునాడు పొద్దున ఏడుపు దిగమింగుకుని గ్లాసు పట్టుకుపోయాను. కచేరీ కాడ కావలి ఉన్న జవాను అడ్డుపడ్డాడు. "ఏం జేస్తున్నవ్ ఈడ?"

"మొగులు ఏడ్సింది గద, ఎంత ఏడ్సిందో సూస్తున్న," అన్నాను. పిచ్చిదనుకున్నాడేమో, మళ్లీ అడగలేదు.

అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. మా వైపు ఆడవాళ్లు వాడిక పాలు పోయించుకుంటే రోజుకో గుర్తు ఎర్ర జాజుతో గోడ మీద పెట్టుకుంటారు. నేనూ అదే పని చేశాను. వంటింటి గోడ మీద నిండు గ్లాసుకు ఒక నిలువు గీత. మిగిలిన నీళ్లు గ్లాసు మీద ఎన్నో గీత దాకా వస్తే అన్ని చుక్కలు. సీసా ఎండి ఉంటే అడ్డగీత. తుపాకులు పేలి రెండు రోజులు గడప దాటలేకపోయాను, ఆ రెండు రోజులకూ ఏమీ పెట్టకుండా జాగా వదిలేశాను. పాలవాడు రాని నాడు వేరు, మనం ఇంట్లో లేని నాడు వేరు. ఆ తేడా ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఉత్తర కార్తెలో మిలిటరీ దిగింది, రజాకార్లు పోయారు. హస్తలో మా ఆయన తిరిగొచ్చాడు, చిక్కి బొక్కలు తేలి, గడ్డం పెరిగి. కాళ్లు కడుక్కుని నేరుగా వంటింటి గోడ ముందు నిలబడ్డాడు. మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా వేలు పెట్టి చదివాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. పిల్లల ముందు, పట్టపగలు, ఆయన నా చెయ్యి పట్టుకున్నది ఆ ఒక్కసారే.

"ముందుగాల కొత్త సారును అడిగొస్త. రేపే పొత్తంల ఎక్కిస్త, ఒక్క చుక్క గూడ పోనియ్య."

కొత్త సారు మిలిటరీ దిగాక కచేరీకి బయటి నుంచి వచ్చిన అధికారి. గోడ మీద ఆడమనిషి పెట్టిన చుక్కలు సర్కారు కాగితం ఎట్లా అవుతాయన్నాడట. ఖాళీ గళ్లు పంపితే పైవాళ్లు తనను అడుగుతారన్నాడట. జైలుకు పోయి వచ్చినవాడివి, నౌకరీ మీద ఆశ ఉంటే అన్నిటికీ సున్నలు పెట్టి సంతకం చెయ్యమన్నాడట. మా ఆయన పెట్టాడు. ఇంటికొచ్చి తనే చెప్పాడు.

"సున్నలా? మఖ కార్తెల చెరువు అలుగు దుంకిన నాడు గూడ సున్ననేనా?"

"నౌకరి బోతే పోరగాండ్లు ఏం దింటరే?" అని తల వంచుకున్నాడు.

నాకు కోపమొస్తే ముందూ వెనకా తెలియదు. బతుకమ్మ పండుగకని సున్నం నానబెట్టి ఉంది. కుండెత్తుకొచ్చి, "పడని వానకు గుర్తులెందుకు!" అని గోడంతా రెండు పూతలు పూసేశాను. ఆయన లేచి వచ్చేసరికి తెల్లగోడ మిగిలింది. నా చేతిలోంచి కుండ తీసి పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. రాయించినవాడిదీ రాసినవాడిదీ తప్పే, కానీ ఉన్న ఒక్క సాక్ష్యాన్ని తుడిచింది నేను. ఆ సంగతి నన్ను ఏళ్ల తరబడి తినేసింది.

తర్వాత పెద్దల బడిలో నేను చదువు నేర్చుకున్నాను. మా ఆయన పింఛనుకు దగ్గరపడ్డ రోజుల్లో పుణె నుంచి ఒక కవరొచ్చింది. లోపల ఎవరో పరదేశపు శాస్త్రవేత్త అడిగిన ప్రశ్న. ఆ పరదేశి చాలా దేశాల వానలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాడట. మిలిటరీ దిగిన ఏడు చుట్టుపక్కల తాలూకాలన్నిట్లో వాన పడింది, మీ ఒక్క ఊళ్లో మూడు నెలలు చుక్క పడలేదు, ఇది నిజమేనా?

రెండు రోజులు మా ఆయన ఆ కాగితం ముందు కూర్చున్నాడు. నిజం రాస్తే పింఛనుకే ఎసరు.

"రాయి," అన్నాను. "ఏమైతే గదే అయితది."

రాశాడు. "ఆ సున్నలు నేను పెట్టినవి, అవి అబద్ధం, వాన పడింది, నా భార్య కొలిచింది, ఆ గుర్తులు ఇప్పుడు లేవు." అంతవరకు రాసి కలం పట్టుకుని నా దిక్కు తిరిగాడు.

"యాదికున్నంత జెప్పు. నువ్వు గొలిసిన వాన గూడ లోకానికి పోవాలె గద."

పోవాలని నాకు ఎంత ఆశ! మఖ నాటి పొద్దు కళ్లకు కట్టినట్టే ఉంది. తడిసిన కొంగు, చేతిలో గ్లాసు. "మఖల ఎనిమిది నిలువు గీతలు..." అన్నాను. ఎనిమిదా, తొమ్మిదా? ఆయన కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఏది చెబితే అది రాసేస్తాడు. ఎక్కడో కూర్చున్న ఆ మనిషి దాన్ని నమ్ముతాడు.

"నాకు యాదికి లేదు," అన్నాను. "ఖాళీగ ఇడ్సిపెట్టు."

"మూడు నెలల నీ కష్టమే..."

"ఖాళీగనే ఇడ్సిపెట్టుమన్న గద!"

ఆయన సంతకం చేసి కవరు అంటించాడు. నేను వంటింట్లోకి పోయి తలుపేసుకుని కరువుతీరా ఏడ్చాను.