తెల్లగీత మేస్త్రి

అతను చక్రాలు సరిచేసే మేస్త్రి. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. ఇంజను ముట్టడు, బ్రేకులు ముట్టడు. బండి ఒక పక్కకి లాగుతున్నా, మలుపులో మాట వినకపోయినా, టైరు ఒక్క అంచునే అరుగుతున్నా అతని దగ్గరికి తెచ్చుకోవాలి. కారు పొడవునా దారం కట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. ముందు చక్రాలు రెండూ కలిసి నడుస్తున్నాయో, అలిగి ఎడమొహం పెడమొహంగా ఉన్నాయో చెప్పేస్తాడు.

స్టీరింగు నుంచి ఒక్కో చక్రానికి ఒక ఇనపకడ్డీ వెళ్తుంది. దాన్ని పావు చుట్టు తిప్పితే చక్రం వెంట్రుకవాసి తిరుగుతుంది. పనంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. తిప్పాక కడ్డీ మళ్లీ కదలకుండా ఒక నట్టు బిగించాలి. ఆ నట్టు వదులైతే కడ్డీ దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అంతటితో పోతే అదృష్టం.

పని నేర్పిన ముసలాయన పోతూ పోతూ రెండు పానాలు ఇచ్చాడు. విప్పడానికి పొట్టిది, బిగించడానికి పొడుగుది. పొడుగుది ఎప్పుడూ గోడకున్న మేకుకే వేలాడుతుంది.

"విప్పినదానితో బిగించకురా," అనేవాడు. "పొడుగుది మేకు మీంచి దిగిందంటే బిగించినట్టు. దిగలేదంటే లేనట్టు. నీ బుర్రని నమ్మకు, మేకుని చూసుకో."

బిగించాక నట్టు మీద తెల్లరంగుతో ఒక గీత గీయడం మాత్రం అతను సొంతంగా పెట్టుకున్న అలవాటు. గీత ఉందంటే ఇక ఆ నట్టు గురించి మాట్లాడక్కర్లేదు. ఊరు ఆ గీతని నమ్మింది. పేరు కూడా అదే పెట్టింది.

ఆ వారం రంగు పెన్ను మొరాయించింది. పది సార్లు విదిలిస్తే గానీ పారదు, పారితే మళ్లీ ఎప్పుడు ఎండుతుందో తెలీదు. కొత్తది తెచ్చుకోమని భార్య పోరుతోంది. రేపు అంటున్నాడు. అందుకని నాలుగు రోజులుగా, రంగు పారినప్పుడే గీత గీసేసి, ఆ తర్వాత బిగిస్తున్నాడు. ముందూ వెనకా అయితే ఏం, రెండు పనులూ అవుతున్నాయి కదా అనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున వానలో తడిసి కొట్టుకి వచ్చాడు. తల తుడుచుకుని తువ్వాలు మేకుకి తగిలించాడు. అప్పటికే వాకిట్లో చిన్న కారు ఉంది. ఉద్యోగం మానాక డ్రాయింగు మాస్టారు ముచ్చటపడి కొనుక్కున్న కారు. పక్కన ఆయన భార్య.

"ఎటు తిప్పినా ఎడమకే పోతోంది మేస్త్రీ."

"ఆయన పోలిక," అంది ఆవిడ. "చెప్పిన వైపు వెళ్లే అలవాటు లేదు."

"నలభై ఏళ్లు సూటిగీత గీయడం నేర్పినవాణ్ణి నేను."

"పిల్లలకి నేర్పారు. మీరెక్కడ నేర్చుకున్నారు?"

మేస్త్రి కారు కింద పడుకుని నవ్వుకున్నాడు. పొట్టి పానాతో విప్పాడు. కడ్డీలు తిప్పాడు. దారం చూసుకున్నాడు. పెన్ను విదిలించాడు. అదృష్టం, మూడో విదిలింపుకే పారింది. రెండు నట్ల మీదా గీశాడు.

మాస్టారు వంగి కిందికి చూశాడు. "కొండదారి ఎక్కొచ్చా ఇక?"

"కళ్లు మూసుకుని ఎక్కండి మాస్టారూ," అంటూ మేస్త్రి బయటికి జరిగాడు.

"అలా అనకు నాయనా, నిజంగానే మూసుకుంటారు," అంది ఆవిడ.

ముగ్గురూ నవ్వారు. కారు వెళ్లిపోయింది.

ముప్పావుగంట గడిచింది. భార్య లోపల్నుంచి వచ్చింది.

"తడి తువ్వాలు అక్కడే కుక్కుతారేంటండీ? ముక్కిపోదూ?"

మేకు మీంచి తువ్వాలు తీసింది. దాని కింద పొడుగు పానా ఉంది. పిడి నిండా చెమ్మ పట్టి ఉంది.

మేస్త్రి చూశాడు. తువ్వాలు తీయకుండా ఆ పానా మేకు మీంచి దిగదు. పొద్దుట్నుంచీ తువ్వాలు ఎవరూ తీయలేదు.

"ఏమైందండీ? మొహం అలా అయిపోయిందేం?"

"మాస్టారి నంబరు తీయి. తొందరగా."

ఆమె పుస్తకం తిరగేసి ఫోను చేసింది. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది.

"బండి నడుపుతుంటే ఎత్తరేమో."

"చేస్తూనే ఉండు."

పానా తీసుకున్నాడు. దారపు ఉండ జేబులో వేసుకున్నాడు. స్కూటరు రెండు తన్నులకి అంటుకోలేదు. మూడో తన్నుకి కాలు జారి చీలమండ కొట్టుకుంది. నాలుగో తన్నుకి అంటుకుంది.

కొండదారికి పద్నాలుగు మలుపులు. ఒక పక్క రాయి, ఒక పక్క నడుమెత్తు గోడ. మొదటి మలుపులో గోడ చూశాడు. బాగానే ఉంది. రెండోది. బాగానే ఉంది. ఆ కడ్డీ ఇప్పుడు ఎంత తిరిగి ఉంటుందో అతనికి తెలుసు. ప్రతి గతుకూ దాన్ని కొంచెం తిప్పుతుంది. గతుకులు లెక్కపెట్టబోయి మానేశాడు. ఐదో మలుపులో గోడ రాళ్లు కూలి ఉన్నాయి. స్కూటరు ఆపాడు. దిగి కిందికి తొంగిచూశాడు. రాళ్ల సందుల్లో గడ్డి మొలిచి ఉంది. ఎప్పుడో కూలిన గోడ. మళ్లీ స్కూటరెక్కాడు.

"కళ్లు మూసుకుని ఎక్కండి," అన్నాడు తను. ఆ మాట దారంతా చెవిలో వినబడింది.

తొమ్మిదో మలుపు దాటాక కారు కనిపించింది. రోడ్డు వారగా ఆగి ఉంది. మాస్టారు మోకాళ్ల మీద వంగి కిందికి చూస్తున్నాడు. ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడింది.

"అదుగో, మేస్త్రే వచ్చాడు!" అన్నాడు మాస్టారు. "స్టీరింగు వంకరగా ఉందని ఈవిడ ఒకటే గోల. నేను చూశాను. రెండు గీతలూ ఉన్నాయి. గీత ఉన్నాక ఇంకేం కావాలే, ఎక్కు అంటున్నా."

మేస్త్రి స్కూటరు నిలబెట్టి దిగాడు. రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. ఎడమ నట్టు మీద చెయ్యి వేశాడు. పానా అక్కర్లేకుండా వేళ్లకే తిరిగింది. దాని నెత్తిన తెల్లగీత మెరుస్తోంది. కుడిది కూడా అంతే.

మాట్లాడకుండా బిగించేసి లేవచ్చు. చిన్న తేడా మాస్టారూ, సర్దేశాను అంటే సరిపోతుంది. ఆయన ఇంకో నలుగురికి చెప్పి మెచ్చుకుంటాడు కూడా. మేస్త్రి కాసేపు అలాగే పడుకున్నాడు. తర్వాత బయటికి వచ్చి నిలబడ్డాడు.

"బిగించలేదు మాస్టారూ. గీత ముందు గీశాను. బిగించడం మరిచిపోయాను."

మాస్టారు గోడ వైపు చూశాడు, గోడ అవతలికి చూశాడు. ఆవిడ గొడుగు మూసింది.

"ఇద్దరం ఆ గీత మీద కూర్చుని వచ్చాం నాయనా ఇంతదూరం," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

దారం కట్టాడు. తడికి దారం కొస జారిపోతోంది. మాస్టారే వచ్చి దారం కొస పట్టుకున్నాడు, కదలకుండా. నట్లు బిగించాడు. గొంతుక్కూర్చుని గీతలు రెంటినీ గోటితో గీకేశాడు. వాళ్లు ఇక పైకి వెళ్లలేదు. కారు నెమ్మదిగా కిందికి దిగింది. వెనక స్కూటరు మీద అతను దిగాడు.

కొట్టుకి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. మొహం చూసి, వాళ్లు క్షేమంగా దొరికారని గ్రహించింది.

"హమ్మయ్య. గండం గడిచింది."

"ఈ నాలుగు రోజుల్లో ఎన్ని బండ్లు చేశాను?"

ఆమె పుస్తకం చూసింది. "పదకొండు."

"అన్నిటికీ ముందే గీశాను."

"బిగించే ఉంటారు లెండి."

"ఏమో. ఇవాళా అలాగే అనుకున్నాను."

ఒక్కో బండీ గుర్తు చేసుకోవాలని చూశాడు. గీతలు గుర్తొచ్చాయి. పానా పట్టుకున్న చెయ్యి గుర్తు రాలేదు.

ఆమె నంబరు కలిపి ఫోను అందించింది. మొదటివాడు నవ్వాడు. "మీ గీత ఉందిగా మేస్త్రీ, మాకేం భయం?"

"గీతని నమ్మకండి. బండి ఉన్నచోటే ఆపండి. నేనొస్తాను."

రెండో ఆయన నవ్వలేదు. మూడో ఆవిడ, పొద్దున పిల్లల్ని అందులోనే దించి వచ్చానని చెప్పింది. నాలుగో నంబరు మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశారు.

"ఎవరిదది?" అన్నాడు.

"రోజూ కొండ మీది ఆసుపత్రికి వెళ్లే నర్సమ్మది."

పానా ఇంకా చేతిలోనే ఉంది. ఫోను భార్యకి ఇచ్చి స్కూటరు తన్నాడు.