మనుషుల్లేని ఊళ్ళో పెదనాన్న

మా పెదనాన్న గత మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ తాగుతూనే వెళ్ళిపోయారు. గుండె ఆగిపోయింది. గ్లాసులో సగం కాఫీ అలాగే ఉంది. సంతాపం తెలిపే ముందు పాఠకులకి ఒక సంగతి సవినయంగా మనవి చేసుకోవాలి. ఆయనంటే నాకు చిన్నప్పటి నుంచీ అసూయ. ఆషామాషీ అసూయ కాదు, నియమనిష్ఠలతో పెంచి పోషించుకున్నది.

ఆయనది చేనేత చీరల వ్యాపారం. విజయవాడలో ఇల్లు, మోపెడ్ మీద మూట, డెల్టా అంతా తిరుగుడు. ఏ ఊళ్ళో ఏ కాలవ గట్టు దిగితే ఎవరి ఇల్లు వస్తుందో ఒక్క ముక్క రాసుకున్న పాపాన పోలేదు. నేనేమో బీటెక్ చదువుతూ, చేతిలో ఫోను మ్యాపు పెట్టుకుని, పరీక్ష సెంటరుకని బయల్దేరి చేపల చెరువు గట్టు మీద తేలినవాణ్ణి. ఆ రోజు నన్ను వెతికి పట్టుకుని పరీక్షకి చేర్చిందీ ఆయనే. మా అమ్మ ఆ కథ ప్రతి పెళ్ళిలోనూ చెప్పేది. "వాళ్ళ పెదనాన్న కళ్ళు మూసుకుని వెళ్ళొస్తాడు. వీడు కళ్ళు తెరుచుకుని తప్పిపోతాడు." ఈయన ఒక్కసారి దారి తప్పితే కళ్ళారా చూడాలని అప్పుడే మొక్కుకున్నాను.

ఇంత తెలిసిన మనిషి, ప్రతి ఊరి మొదట్లోనూ బండి ఆపి దారి అడిగేవారు.

"నీకు తెలుసుగా పెదనాన్నా, ఎందుకూ అడగడం?"

"చీర కొనమంటే తలుపేసుకుంటార్రా. దారి అడిగితే నిలబడి మాట్లాడతారు."

నా మొక్కు దేవుడు విన్నాడు. రెండేళ్ళ కిందట హనుమాన్ జంక్షన్‌లో గుడివాడ వైపు తిరగాల్సినాయన ఏలూరు వైపు వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి "ట్రాఫిక్ మళ్ళించార్రా" అన్నారు. ఎవరూ మళ్ళించలేదు.

అప్పటికి నేను ఒక క్లినిక్‌లో పెద్దవాళ్ళ కళ్ళకి వీఆర్ గాగుల్స్ తగిలించే ఉద్యోగంలో ఉన్నాను. గాగుల్స్‌లో ఒక ఉత్తుత్తి ఊరు కనిపిస్తుంది. ఒక జెండా దగ్గర బయల్దేరి రెండోదానికీ, అక్కణ్ణించి మూడోదానికీ నడవాలి. అప్పుడు జెండాలు మాయమవుతాయి. బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. మతిమరుపు జబ్బు మాటల్లో బయటపడక ముందే కొందరికి ఈ దారి లెక్క తప్పుతుంది.

"రా పెదనాన్నా, ఒక ఆట ఆడదాం" అని తీసుకెళ్ళాను. సగం భయం, సగం పోటీ. నిజం చెప్పాలంటే పోటీ పాలే కాస్త ఎక్కువ.

ముందు చెప్పులు విప్పారు. తర్వాత, "భుజం ఖాళీగా ఉంటే నాకు దారి తోచదురా, మూటేదీ?" అన్నారు. నా బ్యాగు తగిలించాను. గాగుల్స్ పెట్టుకుని అటూ ఇటూ చూసి అడిగారు: "ఒరేయ్, ఈ ఊళ్ళో మనుషుల్లేరేంట్రా? ఎవర్ని అడగాలి?"

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను.

మూడుసార్లు నడిచారు. మూడుసార్లూ ధీమాగా, చాలా ధీమాగా, వేరే మూలకి పోయి "ఇదిగో, ఇక్కడే" అన్నారు. అదే ఆట నేను ఉద్యోగంలో చేరిన రోజే తప్పు లేకుండా ఆడాను. దారి విషయంలో ఆయన్ని ఓడించడం జన్మలో అదే మొదటిసారి. ఆ గెలుపుని ఎక్కడ దాచుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

"ఎలా ఆడాన్రా?"

"బానే ఆడావు."

"అబద్ధాలాడకు. చేపల చెరువు దగ్గర దొరికినప్పుడు పెట్టిన మొహమే పెట్టావు."

డాక్టరు గారు ఆ ఒక్క పరీక్షతో ఏమీ తేల్చలేదు. స్కానింగులూ, ఇంకా ఏవేవో పరీక్షలూ అయ్యాక, తొలిదశ అన్నారు. పెద్దమ్మ మోపెడ్ తాళం తీసి దాచేసింది. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మూట తెచ్చి నా బండికి కట్టి, వెనక ఎక్కి కూర్చున్నారు. "పోనియ్ బండి. గుర్తున్నంతలో ఇళ్ళన్నీ నీకు అప్పజెప్పాలి."

త్వరగా పట్టుకోవడం వల్ల మాకు మిగిలింది ఆ రెండేళ్ళ ఆదివారాలు. నోటితో దారి చెప్పేవారు కాదు. ఎడమకైతే నా ఎడమ భుజం మీద తట్టేవారు, కుడికైతే కుడి. చివరి నెలల్లో చేతులు భుజాల మీదే ఉండేవి గానీ తట్టేవి కాదు. అప్పుడు నేనే బండి ఆపి అడిగేవాణ్ణి.

చల్లపల్లి అవతల ఆయన దగ్గర పాతికేళ్ళుగా చీరలు కొనే మామ్మగారొకరు నన్ను తేరిపార చూసి తీర్పిచ్చారు. "మీ పెదనాన్న తెలిసి అడుగుతాడయ్యా. నువ్వు నిజంగానే తెలీక అడుగుతున్నావు." చీర కూడా నా చేతిలోంచి తీసుకోలేదు, ఆయన చేతికిప్పించి తీసుకున్నారు. జబ్బులోనూ ఈయనదే పైచెయ్యి! నా అసూయకి ఏ లోటూ రానివ్వలేదు మహానుభావుడు.

మొన్న ఆదివారం ఆ మామ్మగారికి కబురు చెప్పడానికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఫోను జేబులోంచి తియ్యలేదు. కాలవ వంతెన దాటాక ఇంకొక్క మలుపు. నాకు తెలుసు. అయినా బండి ఆపి, గట్టు మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిణ్ణి అడిగాను.

ఆవిడ నన్నూ, వెనక ఖాళీ సీటునూ చూసింది. "ఎడమకి బాబూ. చీరలాయన రాలేదా?"

ఇంజను ఆడుతూనే ఉంది. ఎడమ భుజం కాస్త కిందికి వంచి, అలాగే నిలబడిపోయాను.