ఒక్కటే చల్లపూట

రాజాం దగ్గర మా ఊరి హైస్కూల్ మైదానంలో ప్రతి వేసవికీ ఆడపిల్లలకు ఖోఖో నేర్పేదాన్ని. శిబిరం నడిచే ఆ ఒక్క నెలే నాకు ఉద్యోగం. మిగతా ఏడాదంతా కుట్టుమిషన్. అయినా ఏం చేస్తావని ఎవరడిగినా కోచ్‌నని చెప్పేదాన్ని, అదీ గట్టిగా.

అప్పట్లో ఆట సాయంత్రాలే. పొద్దు వాలేసరికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగేది. పిల్లలు వరసగా గొంతుక్కూర్చునేవారు. తరిమే పిల్ల వెనక నుంచి వచ్చి వీపు తట్టి "ఖో" అనగానే, కూర్చున్న పిల్ల లేచి పరుగందుకునేది. ఆ కేకలకు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు విసుక్కునేవారు. ఆ విసుగు మళ్లీ ఒక్కసారి వినాలని ఉంటుంది నాకు.

తర్వాత ఎండలు ముదిరాయి. దీపాలు పెట్టే వేళకు కూడా నేల చుర్రుమనేది. ఇద్దరు పిల్లలు సొమ్మసిల్లాక శిబిరాన్ని తెల్లవారుజాముకు మార్చమన్నారు పై అధికారులు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు, ఉపాధి హామీ పనుల్నీ ఆ వేళకే మార్చారు. ఉన్నది ఒక్కటే చల్లపూట. తల్లులు చెరువు పూడిక తీయడానికి వెళితే, చంటిపిల్లల్నీ పొయ్యినీ చూసుకుంటూ నా జట్టు పిల్లలు ఇళ్లలో ఉండిపోయారు.

"ఆటలు కూడెడతాయేటి మేడమ్?" అనేవారు తల్లులు.

జట్టు నిండకపోతే శిబిరం ఎత్తేస్తామని పైవాళ్లు చెప్పేశారు. అందరికంటే చురుకైన పిల్ల, ఇంటర్ ముగించింది, అదీ రావడం మానేసింది. ఒళ్లు మండి చెరువు దగ్గరికే వెళ్లాను. పార పట్టుకుని కనిపించింది.

"జిల్లా జట్టు సెలక్షన్లు ముందెట్టుకుని ఇదేటే?" అని నోరు పారేసుకున్నాను.

"అమ్మకి వడదెబ్బ తగిలీసినాది మేడమ్. నాను రాకపోతే ఇల్లెలగ గడుస్తాది? సాయంత్రం ఎట్టండి, వస్తాను."

సాయంత్రమట. నా చేతిలో ఉంటే ఇవ్వనా? తిరిగొచ్చేశాను.

ఈ ఏడు శిబిరం లేదు. విజిల్ మిషన్ సొరుగులో పడి ఉంది. ఆ నెల జీతం లేకపోయేసరికి నేనూ జాబ్‌కార్డు పట్టుకుని అదే చెరువుకు వెళ్లాను. ఆ పిల్ల నన్ను చూసింది. జరిగి పక్కన చోటిచ్చింది.

కాసేపటికి గట్టు మీద అందరం వరసగా కూర్చుని మంచినీళ్లు తాగాం. మేస్త్రి మళ్లీ పనిలోకి రమ్మని పిలిచాడు. నడుము పట్టేసి నేను లేవలేదు. వెనక నుంచి ఎవరో వీపు తట్టారు.

"ఖో," అంది ఆ పిల్ల, మెల్లగా.

తెలియకుండానే లేచి నిలబడ్డాను. కాళ్లు పరుగుకు సిద్ధమయ్యాయి. తట్ట అందుకుని చెరువులోకి దిగాను.