వీపు చూపని బల్లి

ఆ వీధిలో టేపత్తయ్యను ఎరగనివాళ్లు లేరు. అసలు పేరు ఆవిడ భర్తకు గుర్తుంటే ఉండాలి. మెడలో పసుపు రంగు టేపు లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు. స్నానానికి వెళ్లేటప్పుడైనా తీస్తుందా అన్నది ఇప్పటికీ తేలని సంగతి. ముందు గదిలో మిషను పెట్టుకుని నలభై ఏళ్లుగా కుడుతోంది. ఎవరు గుడ్డ పట్టుకొచ్చినా మొదటి మాట ఒక్కటే: "వెనక్కి తిరుగు." ఎదురుగా నిలబడితే ప్రతివాళ్లూ పొట్ట లోపలికి పీల్చేస్తారట. వీపుకు అబద్ధమాడడం రాదట. అందుకని ఆవిడ కొలతలన్నీ వీపు దగ్గరే మొదలవుతాయి.

అలాంటి మనిషికి బల్లితో పనిపడింది.

మనవరాలికి తొమ్మిదేళ్లు. ఉండేది సన్నగా, మాట్లాడితే గుచ్చుకుంటుంది కాబట్టి ఇంట్లో గుండుసూది అంటారు. దానికి ఫోనులో ఒక ఆట పిచ్చి. వీధుల్లో నడుస్తూ పోతుంటే తెర మీద వింత జంతువులు కనిపిస్తాయి. వల విసిరి పట్టుకుని దాచుకోవాలి. వాటిలో జిబ్లా అని ఒక పచ్చ బల్లి. రెండు కాళ్ల మీద నిలబడి గుడ్లు మిటకరిస్తుంది, తల మీద నారింజ రంగు కుచ్చు. ఎప్పుడో గాని కనబడదు. గుండుసూది మూడు నెలలుగా దానికోసం కాళ్లరిగేలా తిరుగుతోంది.

ఇంతలో బొమ్మల కొట్టాయన ఆదివారం వేషాల పోటీ పెట్టాడు. వేషం అచ్చం ఆటలో ఉన్నట్టే ఉండాలి. పాల్గొన్న ప్రతి పిల్లకూ కొట్టు గుమ్మంలో ఒక్కొక్క జిబ్లా కనబడే ఏర్పాటు కూడా చేశారు.

"నానమ్మా, నాకు జిబ్లా డ్రెస్సు కుట్టవా?"

టేపత్తయ్య ఫోనులో బొమ్మను పరకాయించి చూసింది. "బాగానే ఉంది. వెనక్కి తిప్పు."

"తిరగదు."

"తిరగకపోవడమేంటే, వీపు లేదా దానికి?"

"ఉండే ఉంటుంది. ఎటు తిప్పినా మనవైపే చూస్తుంది. ఎవ్వరూ చూడలేదు."

"వీపు చూపించని వాళ్లకి నేను కత్తెర పట్టను."

"అబ్బా, వెనకంతా పచ్చగుడ్డ వేసెయ్యి నానమ్మా! ఎవరు చూస్తారు?"

"వెనక నడిచేవాళ్లంతా చూస్తారు," అంది టేపత్తయ్య, ఇక మాట లేదన్నట్టు.

మర్నాటి నుంచి పొద్దున్నే ఫోను చేత పట్టుకుని బయల్దేరింది. రిటైరైన బస్సు కండక్టరు తాతయ్య పడక కుర్చీలోంచి, "తొండ ముదిరి ఊసరవెల్లి అయిందట. మనవరాలి పిచ్చి ముదిరి నానమ్మకి పట్టింది," అన్నాడు. అన్నాడే గాని ఆవిడ తెరలో తల దూర్చి రెండిళ్లు దాటేసరికి చెప్పులేసుకుని వెనకాలే వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "ముందు గుంట... కుడిపక్క సైకిలు... ఆగాగు, స్టాపు!"

మూడు రోజుల్లో ఆవిడ ఒక సంగతి కనిపెట్టింది. మూడు వలలూ గురితప్పితే జంతువు పారిపోతుంది. పారిపోయేటప్పుడు ఎవరైనా వీపు చూపించాల్సిందే.

గురువారం పోస్టాఫీసు గోడ దగ్గర జిబ్లా ప్రత్యక్షమైంది. టేపత్తయ్య మొదటి వల ఆకాశంలోకి, రెండోది మురిక్కాలవలోకి, మూడోది తాతయ్య కాళ్లమీదకి విసిరింది. బల్లి గిర్రున తిరిగింది. తోక మొదట్లో మూడు మడతలు. ఎడమ భుజం మీద చెవి ఆకారంలో పసుప్పచ్చ మచ్చ.

"కదలకండి!" అంటూ జాకెట్టులోంచి సుద్దముక్క తీసి, మరిచిపోయేలోగా తాతయ్య చొక్కా వీపు మీద బొమ్మ గీసేసింది. "ఊపిరి కూడా పీల్చకండి, తోక వంకరపోతోంది."

వీపున బల్లితో తాతయ్య ఇల్లు చేరాడు. గుండుసూది ఎగిరి గంతేసింది. "జిబ్లా దొరికిందా!"

"దొరికింది. వదిలేశాను."

"వదిలేశావా? నా మూడు నెలలు!"

అంతే, రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. డ్రెస్సు తొడిగి సరిచూసేటప్పుడు కూడా పిల్ల మూతి బిగించుకుని, "చేతులెత్తు" అంటే ఎత్తింది, "తిరుగు" అంటే తిరిగింది.

ఆదివారం కొట్టులో ఏడుగురు జిబ్లాలు. ఆరుగురికి వెనక ఒట్టి పచ్చగుడ్డ. కొట్టాయన గుండుసూది చుట్టూ తిరిగి వీపు దగ్గర ఆగాడు.

"ఈ మచ్చేంటమ్మా? ఆటలో లేదే. లేనిది కలిపితే మార్కులు తగ్గించాలి."

టేపత్తయ్య మొహం కందిపోయింది. "నలభై ఏళ్లలో లేని మచ్చ కుట్టలేదు బాబూ. ఎవరైనా ఒక జిబ్లాని పారిపోనివ్వండి, మీకే కనబడుతుంది."

పిల్లలందరూ ఫోనులు గుండెలకు హత్తుకున్నారు. ఉన్నది ఒక్కొక్క అవకాశం, ఎవరు వదులుకుంటారు?

గుండుసూది తోక ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వెళ్లి అందరికీ కనబడేలా ఫోను ఎత్తింది. జిబ్లా గుడ్లు మిటకరిస్తూ నిలబడింది. మొదటి వల కొట్టు బోర్డుకు విసిరింది. రెండోది కొట్టాయన బొజ్జకు. పిల్లలు, "సరిగ్గా వెయ్యవే!" అని గోల.

మూడో వల దగ్గర దాని వేలు ఆగిపోయింది.

"పట్టుకోవే," అంది టేపత్తయ్య మెల్లగా. "మచ్చ సంగతి నాకు తెలుసుగా, చాలు."

"నీకు తెలిస్తే చాలదు నానమ్మా. వెనక నడిచేవాళ్లకి తెలియాలి," అని గుండుసూది కళ్లు గట్టిగా మూసుకుని వలను ఆకాశంలోకి విసిరింది.

బల్లి తిరిగింది. చెవంత పసుప్పచ్చ మచ్చ ఊగుతూ ఊగుతూ వీధి చివరకు పోయింది. తెర సరిగా కనబడని పిల్లలంతా మచ్చ చూడాలని తాతయ్య కాళ్లకు అడ్డం పడుతూ గుండుసూది వీపు చుట్టూ మూగారు. ఆయన రెండు చేతులూ చాచి, "తోసుకోకండి, లోపలికి జరగండి!" అని పాత గొంతెత్తాడు.

కొట్టాయన తగ్గించిన మార్కులు మళ్లీ వేశాడు. అయినా మొదటి బహుమతి ఆటలోలాగే నిజంగా పొగ వదిలే ఇంకో జంతువు వేషానికే పోయింది, గుండుసూదికి రెండోది. బహుమతి కార్డు రాయడానికి అటు తిరిగిన కొట్టాయనను టేపత్తయ్య పిలిచింది.

"రేపు ఆ చొక్కా తెచ్చివ్వండి బాబూ. వెనక భుజం కుట్టు జానెడు ఊడింది. మీకు తెలియదు గాని, ఇందాకట్నుంచి అందరికీ తెలుసు."

ఆ తర్వాత అందరూ వెళ్లేదాకా కొట్టాయన ఎటు నడిచినా గోడకు ఆనుకుని, మొహం జనంవైపే పెట్టి నడిచాడు.

"చూడు నానమ్మా, అచ్చం జిబ్లానే," అంది గుండుసూది. మూడు రోజుల తర్వాత అది నవ్వడం అదే మొదలు.