శక్తినగర్‌లో బ్యాటరీ లైటు

మా ఆయన ప్రాణేశ్‌కు పెళ్లికూతుర్ని ఎంచుకోవడానికి ఒక్క సాయంత్రం పట్టింది. ఆరుబయట ఫోటోలకు ఫ్లాష్ లైటు ఎంచుకోవడానికి మాత్రం వానాకాలం వెళ్లి చలికాలం వచ్చింది. ఆ పెళ్లికూతురు నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

రాయచూరులో మాది మామగారి కాలం నాటి స్టూడియో. ఇప్పుడు స్టూడియోకి వచ్చి బల్లమీద బుద్ధిగా కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. చేను దగ్గరికి రమ్మంటారు, కోట ఎక్కమంటారు. ఎండ నెత్తిన ఉంటే కళ్లు గుంటల్లా పడతాయి, వెనక ఉంటే మొహమే కనబడదు. వెంట తీసుకెళ్లే లైటు కావాల్సిందే. కొనుక్కోవయ్యా అన్నాను. అక్కడ మొదలైంది గోల. పెద్ద లైటుకు ఎండతో పోటీపడే బలం ఉంది, కానీ ప్లగ్గు కావాలి. బ్యాటరీది సంచిలో పడుతుంది, కానీ దాని వెలుగు ఇద్దరు మనుషుల దాకానే. పొద్దున పెద్దదే అంటాడు, రాత్రి అన్నం దగ్గర చిన్నదే అంటాడు. స్నేహితుల లైట్లు తెచ్చి, పరీక్ష పేరుతో నన్ను మేడమీద నిలబెట్టి, ఆరేసిన బట్టలకంటే ఎక్కువ ఎండబెట్టాడు.

చివరికి దుకాణంవాళ్లే విసిగిపోయి, రెండూ తీసుకెళ్లి ఒక పనిలో వాడి చూసి, అక్కర్లేనిది తిరిగి ఇచ్చేయమన్నారు.

ఆ పని మా ఆయనకు బాబాయి వరసైన వెంకోబరావు కాకాది. శక్తినగర్ కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరవుతున్నారు. ఆయన పెళ్లికి ఫోటోలు తీసింది మా మామగారే. సరిగ్గా తలంబ్రాల వేళ కరెంటు పోయిందట. మిగిలిన ఒక్క ఫోటోలో బాసికాలు కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. ఆ తర్వాత షిఫ్టుల గొడవలో ఇద్దరూ కలిసి ఫోటో దిగనేలేదు. ఇద్దరి మొహాలూ కనబడే ఫోటో ఒక్కటి కావాలని కాకా భార్య శరణమ్మ చిన్నమ్మ కోరిక. వెనకాల పొగగొట్టాలు పడాలని కాకా పట్టు. తండ్రి వల్ల కానిది తాను చేసి చూపించాలని మా ఆయన ఆరాటం.

సన్మానం అయ్యాక కృష్ణ ఒడ్డుకు చేరాం. దండలు, శాలువాలు, మైకుతో సహా బ్యాండు మేళం, కంపెనీ బస్సు నిండా కాకా తోటి ఉద్యోగులు, వాళ్ల పెద్ద సాహెబ్. పొగగొట్టాల వెనక పొద్దు వాలుతోంది. మా ఆయన చిన్న లైటు బయటికి తీయగానే అమరప్ప అనే ఉద్యోగి అడ్డం వచ్చాడు.

"ఏంది ప్రాణేశ్, శక్తినగర్ల నిలబడి బ్యాటరీనా? మా ఇజ్జత్ ఏం గావాలె?"

అందరూ అవునన్నారు. నెత్తిమీద లావుపాటి కరెంటు తీగలు గుయ్యిమంటున్నాయి, ఒడ్డున ఒక్క ప్లగ్గు లేదు. దూరంగా ఉన్న టీకొట్టు నుంచి వైరు లాగారు. ఎలా కలపాలో ప్రతివాడూ చెప్పేవాడే, వైరు పట్టుకునేవాడు లేడు. బ్యాండువాళ్ల మైకు కూడా ఆ బోర్డుకే తగిలించి ఉంది. పెద్ద లైటు వేయగానే ఠప్పుమని టీకొట్టు మొత్తం చీకటైంది. టీకొట్టాయన తిట్లకు బ్యాండు కూడా ఆగిపోయింది. అందరూ ఫ్యూజు తీగ వెతకడంలో పడ్డారు.

చిన్నమ్మ మూడోసారి దండ సర్దుకుని పొద్దువైపు చూసింది. నాకు ఒళ్లు మండింది. చిన్న లైటును స్టాండుకు బిగించాను. వెలుగును మెత్తబరిచే దాని తెల్ల గొడుగు గాలికి వెనక్కి తిరగబడితే పీకి పక్కన పడేసి, స్టాండును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

"ఆగు బిడ్డా, ఫ్యూజు యేస్తున్రు," అన్నారు కాకా. "ఇన్నేండ్లు కరెంటు పుట్టించినోణ్ని, బ్యాటరీతోని దిగాల్నా?"

చిన్నమ్మ గట్టిగా మాట్లాడగా అంతవరకూ నేను వినలేదు.

"పెండ్లినాడు కరెంటు రానీ అన్నరు, ఆగిన. తర్వాత డ్యూటీ అయిపోనీ అన్నరు, ఆగిన. ఇప్పుడు పొద్దు గూడ పోతున్నది. ఇంకెంతసేపు నిలబెడతరు నన్ను?"

కాకా వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఫ్యూజు వదిలేసి ఉద్యోగులంతా వాళ్ల వెనక వరసకట్టారు. మా ఆయన ఫోటో తీశాడు.

ఇంటికొచ్చి చూసుకుని తల పట్టుకున్నాడు. ఎర్రటి ఆకాశం, పొగగొట్టాలు, చిన్నమ్మ చెంపల పసుపు, కాకా మీసం అన్నీ బాగా వచ్చాయి. వెనక వరస మాత్రం నల్లటి బొమ్మలయింది. లైటు అంతదూరం అందలేదు. పెద్దదే ఉంచుకుంటానని తీర్మానించి, క్షమాపణ చెప్పుకోవడానికి ఫోటో పట్టుకుని నాతో పాటు వాళ్లింటికి బయల్దేరాడు.

కాకా అద్దాలు పెట్టుకుని వెతికారు. "అమరప్ప ఏడి? మా సాహెబ్ ఏడి? అందరు నల్లగైన్రు గదనే. మనమిద్దరమే ఉన్నం."

చిన్నమ్మ ఫోటో అందుకుని, కొంగుతో తుడిచి, చాలాసేపు చూసింది.

"ఇన్నేండ్లు వాళ్లతోనే ఉన్నరు గదా," అంది. "నా ఫోటోల గూడ వాళ్లెందుకు?"

మా ఆయన ఆ సాయంత్రమే పెద్ద లైటు తిరిగి ఇచ్చేశాడు.