తలకిందుల మనిషి

మూత తీయగానే ఇప్పటికీ అదే వాసన: పాత ప్లైవుడ్, సన్నటి ఇసుక, అమ్మ పైన కప్పి ఉంచిన చీరలోని కర్పూరం. గల్ఫులో, అబూ హలీఫాలోని మా ఫ్లాట్‌లో ఒక గది సగం ఈ టెలిస్కోపుదే.

నాన్న ఇంజినీరు, బెజవాడ మనిషి. అందరూ బంగారం కొంటుంటే ఈయన పన్నెండంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు కొన్నాడని అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. గొట్టం నాకంటే పొడుగు. చలికాలం గురువారాలు, మర్నాడు సెలవు గనక, వెనక సీట్లన్నీ మడిచి దాన్ని పడుకోబెట్టి, నన్ను అమ్మ ఒళ్ళో కుదేసి, పులిహోర డబ్బా, అల్లం టీ ఫ్లాస్కు, మంకీ టోపీలతో సహా అమ్ఘరా తుక్కు యార్డులు దాటించి ఎడారిలోకి తీసుకుపోయేవాడు. అబ్బో, ఆ చలి! చీకటి పడకముందే దూరపు కరెంటు టవరు మీద గురి సరిచూడటం నా పని. అందులో ఏదైనా తలకిందులుగానే కనబడుతుంది.

నా తొమ్మిదో ఏట ఒక సాయంత్రం ఆ టవరు పక్కన ఒక ఆడమనిషి కనబడింది. నల్ల బట్టలు, కాళ్ళు ఆకాశంలో, తల కింద. చెయ్యి ఊపుతోంది. నోరు తెరుస్తోంది గాని చప్పుడు లేదు.

"నాన్నా, దెయ్యం!" అని కేకేశాను. ఆయన కన్ను పెట్టేసరికి మసకచీకటి తప్ప ఏమీ లేదు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. శనిగ్రహం చూద్దువుగాని రా" అని గొట్టం పైకెత్తేశాడు. వలయాలు చూస్తున్నానన్న మాటే గాని, వెనక ఎవరో నడిచొస్తున్నట్టు మాటిమాటికీ తిరిగి చూస్తూనే ఉన్నాను.

గంట తర్వాత నిజంగానే ఇసుకలో అడుగులు. అమ్మ టార్చి వేసింది. ఆమే. ఒక కాలికే చెప్పు ఉంది.

"రోన్ని నీళ్ళియ్యక్కా. కడప పక్క దాన్ని. మామా కొడతాంటే ఓర్చుకోలేక పారొచ్చినా." మామా అంటే ఆమె పనిచేసే ఇంటావిడ. గటగటా తాగి, నాన్నతో "టౌన్లో ఇడిస్తే చాలు సార్" అంది.

బండిలో ఉంటే టెలిస్కోపు ఉండాలి, లేదా ఆమె ఉండాలి. నాన్న టెలిస్కోపు వదిలేద్దామన్నాడు. నేను గొట్టాన్ని కావలించుకుని ఏడ్చాను. అద్దం పాడవుతుందని, ఎవరో ఎత్తుకుపోతారని, గొంతు పోయేలా పాపిష్టి ఏడుపు ఏడ్చాను. చివరికి నాన్న ఆమెతో "వీళ్ళని దింపి రెండు గంటల్లో వస్తానమ్మా, కదలకు" అన్నాడు. అమ్మ ఆమెకి దుప్పటి కప్పి పులిహోర డబ్బా ఇచ్చింది. బండి కదులుతుంటే ఆమె చెయ్యి ఊపింది, ఈసారి తిన్నగా నిలబడి.

మమ్మల్ని దింపి మళ్ళీ ఎడారికి వెళ్ళిన నాన్న తెల్లవారుజామున అజాన్ వేళకి ఒంటరిగా ఇంటికి తిరిగొచ్చాడు. దుప్పటి మడతపెట్టి ఉందట, దాని మీద ఇసుకతో తోమిన ఖాళీ డబ్బా. టార్చి వేసుకుని ఎంత తిరిగినా మనిషి లేదట. మేం ఆమె పేరైనా అడగలేదు. నాన్న బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ మూత తీయలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నన్ను తినేస్తుంది.

ఇప్పుడు ఆ టవరు చుట్టూ ఇళ్ళు లేచాయి, అక్కడి చుక్కలన్నీ వీధిదీపాల్లో కలిసిపోయాయి. నేను నా కూతుర్ని తీసుకుని ఇంకా దూరం పోతాను, పెద్ద బండిలో, వెనక ఒక సీటు మడవకుండా. అది శని కోసం గోల పెడుతున్నా, ముందు టెలిస్కోపుతో ఇసుక అంచంతా ఈ చివర నుంచి ఆ చివరకు వెతుకుతాను. ఎవరూ కనబడకపోతే హమ్మయ్య అనుకోవాలి. అనుకోలేను.